తాపీ పనికి తగిలించిన ‘గా’ తొలగించుట గురించి

గౌరవనీయులైన ప్రాంతీయ నైపుణ్య, శిక్షణ, ఉపాధి సహకార అధికారి వారి సముఖమునకు ఒక తాపీ మేస్త్రి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ‘తాపీ పని’ అను రెండు మాటల నడుమ తమ కార్యాలయం వారు చొప్పించిన ‘గా’ అను ఒక్క అక్షరమును తక్షణం తొలగించుట గురించి, మరియు ‘తక్షణం’ అను మాటకు గల అర్థమును తమకు గుర్తు చేయుట గురించి.

సూచిక: (అ) ఇదే విషయమై నేను లోగడ ఇచ్చుకున్న అర్జీలు. (ఆ) వాటికి తమరు బదులిచ్చిన చిరునవ్వులు.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను వృత్తిరీత్యా తాపీ మేస్త్రిని. తాపీ అనగా చెక్క పిడి, ఇనుప రేకు గల ఒక పనిముట్టు. దానితో ఇసుక, సిమెంటు కలిపిన మాలు ఎత్తి, ఇటుక మీద పరిచి, పై ఇటుక నెత్తిన రెండు తట్లు తట్టి, పక్కకు పొంగిన మాలును గీకి తీస్తారు. ఇది ఇనుప సామాన్ల కొట్లో దొరుకును. కళ్ళు మూసుకుని గాలి పీల్చినందువల్ల దొరకదు. తల నెరిసిన అధికారికి ఇంత వివరంగా ఎందుకు చెప్పవలసి వచ్చిందో కింది అంశాల్లో మనవి చేసుకుంటాను.

ఇక తాపీగా ఉండుట అను రెండో సంగతికి వస్తే, దానికీ నాకూ ఆమడ దూరం. పనిలో ఉండగా నేనొక కేక వేస్తే పక్క మేడ మీది పావురాలు లేచిపోతాయి. ఇటుక వంకరగా పెట్టినవాడి ఏడు తరాలనూ ఆ పరంజా మీదే పేరుపేరునా పలకరిస్తాను. “మీకు తాపీ చేతిలోనే ఉందండీ, ఒంట్లో చుక్క కూడా లేదు” అని మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే అంది. అలా అన్నందుకు ఆమె మీద కూడా కోప్పడ్డాను.

2. మూడు ఊళ్ళవారు కలిసి ‘పరస్పర నైపుణ్య సహకార ఒప్పందం’ చేసుకున్నారని విని సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఊళ్ళో చేతులున్నాయి, పని లేదు. మిల్లు ఊళ్ళో పని ఉంది, చేతులు లేవు. వంతెన అవతలి తమ ఊళ్ళో ఆ రెండూ లేవు గాని, ఖాళీ గదులూ అధికారులూ సమృద్ధి. కాబట్టి మేము మనుషులను పంపడం, తమరు నేర్పడం, మిల్లు ఊరివారు పనిలో పెట్టుకోవడం. తమరిచ్చే పట్టా మూడు ఊళ్ళలోనూ చెల్లుతుంది. కాగితం మీద ఇంతకంటే చక్కని ఏర్పాటు ఎవడూ చేయలేడు. అది ఆ కాగితం మీది నుంచి దిగిరాకపోవడమే నా బాధ.

3. ఈ మొత్తం వ్యవహారంలో నాకు కావలసింది ఒక్కటే, మా మేనకోడలి పట్టా. ఆమె నా చెల్లెలి కూతురు. చదువు ఆగిన నాటి నుంచి నా దగ్గర మాలు తట్ట మోస్తోంది. మోసుకొచ్చి దించి, నేను ఇటుక పెడుతుంటే కదలకుండా నిలబడి చూసేది. మొదట్లో పని ఎగ్గొడుతోందనుకుని తిట్టాను. తర్వాత తెలిసింది, పిల్ల పని దొంగిలిస్తోందని. అప్పట్నుంచి రోజూ పని ముగిశాక తాపీ చేతికిచ్చి నేర్పాను. వరస ఒక నూలుపోగంత వాటం తప్పితే చాలు, ఆమె మెడ దానంతట అదే ఓ పక్కకు వాలుతుంది. అందుకని పనివాళ్ళంతా ఆమెను ‘రసమట్టం’ అంటారు. రసమట్టమంటే గాజు గొట్టంలో బుడగ ఉండి, గోడ మట్టంగా ఉందో లేదో చెప్పే పరికరం. పరికరం ఎప్పుడైనా అబద్ధమాడుతుందేమో గాని ఈ పిల్ల మెడ ఆడదు. దీనివల్ల ఆమెకు వచ్చిన పెళ్ళి సంబంధం కూడా ఒకటి తప్పిపోయింది. పెళ్ళికొడుకు ఇంట్లో కూర్చుని వాళ్ళ నడవ గోడ కేసి మెడ వాల్చింది. ఆ గోడ కట్టించింది పెళ్ళికొడుకు తండ్రి.

మిల్లు ఊళ్ళో కార్మికుల ఇళ్ళు కట్టిస్తున్న కాంట్రాక్టరు దగ్గరకు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను. పాత పరిచయం.

“తట్ట మోయడానికైతే రేపే రమ్మను మేస్త్రీ. తాపీ ఇవ్వాలంటేనే… అమ్మాయి కట్టిన గోడంటే ఆ ఇళ్ళలో ఉండేవాళ్ళు నమ్మొద్దూ?” అన్నాడు.

“నేను నేర్పానయ్యా.”

“నీ మాట నేను నమ్ముతాను. నా పైవాళ్ళకి కాగితం కావాలి. ఆ మూడూళ్ళ పట్టా తీసుకురా, ఆ రోజే తాపీ ఇస్తా. లేదంటే తట్టే.”

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా మేనకోడలు అడిగింది.

“మావయ్యా, కట్టింది ఆడో మగో గోడకి తెలుస్తుందా?”

“గోడకేం తెలుస్తుందే. కాంట్రాక్టరుకి తెలుస్తుంది.”

“అయితే ఆయన కంటే గోడే నయం” అని కిటికీ వైపు తిరిగింది.

అయ్యా, నేను ఎందరికో గోడలు కట్టాను. ఆ పూట నా మేనకోడలికి, తాపీకి మధ్య ఉన్న గోడ మాత్రం నేను కట్టింది కాదు, పడగొట్టడం నాకు చేతకాలేదు. నాకు చాలా కష్టమనిపించింది.

4. అంతలో తమ కార్యాలయం నుంచి నన్ను శిక్షకుడిగా నియమిస్తూ ఉత్తరం వచ్చింది. శిక్షణ పొందేవారిలో మా మేనకోడలి పేరు ఉంది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. నేను తాపీ, రసమట్టం, తూకం గుండు, దారపుండ, ఒక సంచీడు ఇసుక పట్టుకుని మొదటి రోజు తమ కార్యాలయానికి వచ్చాను. గేటు దగ్గర కాపలాదారు ఇసుక సంచీ తెరిచి చూసి, “ఇది దేనికి?” అన్నాడు. “పాఠానికి” అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి లోపలికి వదిలాడు. ఆ కార్యాలయంలో నా గురించి సరిగ్గా అనుమానించిన మనిషి అతనొక్కడే.

గదిలో మెత్తటి తివాచీ, దాని మీద వరసగా దిండ్లు, దిండ్ల మీద అధికారులు. మధ్యలో తమరు. నేను గది తప్పానేమో అనుకుని వెనక్కి తిరగబోతే, తమ గుమాస్తాగారు చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించారు.

“వీరేనండీ తాపీ నిపుణులు. ఈ రంగంలో తలపండినవారు” అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో ఇసుక సంచీ ఉండడం వల్ల నమస్కారం కూడా పెట్టలేకపోయాను.

5. ఆ గుమాస్తాగారిని వరండాలోకి తీసుకెళ్ళి నిలదీశాను. జరిగిన సంభాషణను ఉన్నదున్నట్టు కింద పొందుపరుస్తున్నాను.

“ఏంటండీ ఇదంతా? నేను తాపీ మేస్త్రిని.”

“అవునండీ. అందుకే కదా పిలిచాం. ఒత్తిడితో ఛస్తున్నామండీ ఇక్కడ. మనశ్శాంతి లేదు.”

“నేను ఇటుకలు పేర్చేవాణ్ణి సామీ!”

 ఆయన మొహం వెలిగింది.

“ఓహో! మీ ఊరి నుంచి కాగితంలో ‘తాపీ పని శిక్షణ’ అని వచ్చిందండీ. తాపీ పని! అదేం తెలుగండీ, చెప్పండి? ఎవడో తొందరలో ‘గా’ మింగేశాడనుకున్నాను. ‘తాపీగా పని చేయుటలో శిక్షణ’ అని నేనే దిద్దాను. భాష మీద నాకు కాస్త పట్టుందిలెండి.”

“ఆ ‘గా’ తీసెయ్యండి.”

“అమ్మమ్మా! మూడూళ్ళ ముద్రలు పడిపోయాయండీ. పెట్టడానికైతే నా కలం చాలింది. తియ్యాలంటే మూడూళ్ళ అధికారులూ ఒక గదిలో కూర్చుని, అందరూ సరేనని సంతకం పెట్టాలి. వాళ్ళు ఒప్పందం రోజున కూడా ఒక గదిలో కూర్చోలేదు. కాగితమే ఊరూరా తిరిగింది.”

“అయితే నేను వెళ్ళొస్తాను.”

“వెళ్ళండి. శిక్షకుడు లేకపోతే శిక్షణ రద్దు. శిక్షణ రద్దయితే నేర్చుకునేవాళ్ళ పేర్లన్నీ కొట్టేస్తాం. తర్వాత మీ ఇష్టం.”

కొట్టేసే పేర్లలో మా మేనకోడలిది ఉంది. అందుకని వెళ్ళలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయినప్పుడు మధ్యలో దిండు మీద కూర్చోవడమే గతి. కూర్చున్నాను.

6. తాపీ పని నేర్చుకుందామని మా ఊరి నుంచి వచ్చిన వాళ్ళను, గదిలో చోటు చాలదన్న కారణం చేత, దిండ్లు పరచడానికీ, నీళ్ళు అందించడానికీ, తరగతి అయ్యాక తివాచీ దులపడానికీ నియమించారు. హాజరు మాత్రం శిక్షణ కిందే వేశారు. మా మేనకోడలు నా దగ్గర తట్ట మోసేది, తమ దగ్గర దిండ్లు మోస్తోంది. నైపుణ్యాభివృద్ధి అంటే బరువు తగ్గడమేనని నాకు తెలియదు.

7. నేను ఏమి బోధించానో తమరికి తెలుసు గాని, ఈ అర్జీ మిగతా రెండు ఊళ్ళ అధికారులు కూడా చదవవలసి ఉన్నందున రాస్తున్నాను. నాకు వచ్చిందే చెప్పాను. వేరే ఏమీ రాదు.

“ఎండిన ఇటుకను అలాగే పెడితే మాలులో నీళ్ళన్నీ తాగేస్తుంది. ముందు నానబెట్టాలి” అన్నాను. వెనక వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుని, “నేను ఇన్నాళ్ళూ ఎండిన ఇటుకనే” అంది. “ఒక్కరోజులో గోడంతా లేపకండి, కింద వరస భరించదు” అన్నాను. తమరు ఆ మాటను చిన్న చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారు. “కట్టాక తడపాలి, ఆరనివ్వాలి, మళ్ళీ తడపాలి. ఆరకముందే బరువు పెట్టినవాడు గాడిద” అన్నాను. అప్పుడు తమరు లేచి వచ్చి నా చేతులు పట్టుకున్నారు.

“ఎంత లోతు మేస్త్రిగారూ!”

“లోతు పునాదికి సార్” అన్నాను. దానికీ చప్పట్లు కొట్టారు.

ఒకరోజు తరగతిలో ఎవరిదో ఫోను మోగింది. నాకు ఒళ్ళు మండిపోయి, పరంజా మీద తిట్టే తిట్లన్నీ తిట్టాను.  ఇక నా పని అయిపోయిందనుకున్నాను. తిట్లు తిన్నాయన తరగతయ్యాక నా దగ్గరకొచ్చి, “నాలో ఏదో కూలిపోయిందండీ. చాలా తేలిగ్గా ఉంది. రేపు కూడా తిడతారా?” అని అడిగాడు. మర్నాటి నుంచి తిట్లకు వరస కట్టారు. మా ఆవిడకు ఈ సంగతి చెబితే నమ్మలేదు. “ఇన్నేళ్ళూ ఊరికే పడ్డానన్నమాట” అంది.

8. నా బోధన ఫలించుట వలన కలిగిన కష్టనష్టములు: తమ కార్యాలయంలో ఎవరికీ తొందర లేదు. అర్జీ పట్టుకొచ్చినవాడికి కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు, అర్జీ మాత్రం తీసుకోరు. గేటు కాపలాదారు సైతం గేటు తీసే ముందు ఒకసారి గాలి పీల్చి వదులుతున్నాడు. నేను ‘గా’ తొలగించమని మొదటి అర్జీ ఇచ్చినప్పుడు తమరు దాన్ని బల్ల మీద పెట్టి, పైన ఒక గాజు బిళ్ళ బరువు పెట్టి, కళ్ళు మూసుకున్నారు.

“సార్, ఇది అర్జంటు.”

“ఏమిటా తొందర మేస్త్రిగారూ? మీరే కదా చెప్పారు. ఆరనివ్వాలి.”

“నేను చెప్పింది గోడ గురించి సార్!”

“అన్నీ గోడలే మేస్త్రిగారూ” అని చిరునవ్వు నవ్వారు.

అయ్యా, నా కొరివితో నేనే తల గోక్కున్నాను. తమరిని ఇంత తాపీగా తయారు చేసినవాణ్ణి నేనే. ఈ మధ్య ఒప్పందం పురోగతి నివేదికలో ‘ఉపాధి పొందినవారు: ఒకరు’ అని రాసి పంపారట. ఆ ఒకరు నేనే. పనిలో ఉన్నవాణ్ణి తీసుకొచ్చి ఉపాధి కల్పించిన ఘనత మూడు ఊళ్ళకూ దక్కింది.

9. అసలు గాయం ఇక్కడ తగిలింది. నిన్న గుమాస్తాగారు పట్టాల నమూనా అచ్చు వేయించి, ఎంతో ప్రేమగా మా మేనకోడలి చేతిలో పెట్టారు. చక్కటి కాగితం, అంచు చుట్టూ తీగలు, మూడు ఊళ్ళ ముద్రలు. మధ్యలో పెద్దక్షరాలతో ఇలా ఉంది: ‘ఈమె తాపీగా పని చేయుటయందు ఉత్తమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైనది.’

అయ్యా, ఇల్లు కట్టించే ఏ కాంట్రాక్టరైనా ఈ కాగితం చదివి ఏమనుకుంటాడో తమరు ఒక్కసారి, తాపీగానైనా సరే, ఆలోచించండి. పని నత్తనడకన చేస్తుందని మూడు ఊళ్ళ అధికారులు కలిసి హామీ ఇస్తున్నారు. పట్టా లేనప్పుడు కనీసం తట్టయినా ఇస్తామన్నారు. ఈ పట్టా చూపిస్తే తట్ట కూడా ఇవ్వరు. పైగా మూడు ఊళ్ళలోనూ చెల్లుతుంది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ ఆ కాగితం చదివి మొదట పడీ పడీ నవ్వింది. ఆమె నవ్వు చూసి మా మేనకోడలూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆ కాగితం తన వైపు లాక్కుని మళ్ళీ చదివింది.

“అత్తయ్యా, నేను నెమ్మదిగా చేస్తానా?”

“నువ్వా? మీ మావయ్య ఒక వరస పెట్టేలోపు నువ్వు రెండు పెడతావు. ఆ సంగతి బయటికి చెబితే ఆయన మొహం మాడుతుందని ఎవరూ చెప్పరు గానీ.”

“మరి ఇలా రాశారేంటి?”

 ఆ పిల్ల అన్నం ముందు నుంచి లేచిపోయింది. నేను కూడా తినలేకపోయాను. ఆమె తండ్రి పోయినప్పుడు కూడా నా ఎదుట ఏడవలేదు. నిన్న నేను చూస్తుండగా ఏడ్చింది. ఒక అక్షరం కోసం ఏడ్చింది.

10. కాంట్రాక్టరు పునాదులు ముగించాడు. రేపు ఉదయం మేస్త్రీలను ఎక్కించుకోవడానికి లారీ పంపుతున్నాడు. రేపు పట్టా చూపించినవాళ్ళకు తాపీ ఇస్తాడు, చూపించని వాళ్ళకు తట్ట. ఇళ్ళు పూర్తయ్యేదాకా ఎవరి చేతిలో ఏది ఉంటే అదే. ఆ తర్వాత కూడా అదేనని నా అనుభవం. తట్ట మోసిన ఆడమనిషి తట్ట దించి తాపీ పట్టడం నేను ఇంతవరకు చూడలేదు. మా మేనకోడలి విషయంలో చూడాలని ఉంది.

11. ఈ సంగతి ఈ ఉదయమే తమకు నోటిమాటగా కూడా మనవి చేసుకున్నాను. తమరు రెండు అభ్యంతరాలు చెప్పారు. ఒకటి, మూడు ఊళ్ళ అధికారులూ ఒక గదిలో కూర్చోకుండా ‘గా’ తీయడం కుదరదని. రెండు, గోడ కట్టే పరీక్ష పెట్టకుండా, దానిని అధికారులు స్వయంగా చూడకుండా తాపీ పనిలో పట్టా ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని. రెండూ సబబైన అభ్యంతరాలే. నేను కాదనను. తమరు ఆ మాటలు చెప్పి, ఇవాళ జరిగే ‘మూడు ఊళ్ళ సంయుక్త తాపీ సదస్సు’కు ఆలస్యమవుతోందని దిండు పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయారు. నేను సదస్సు ప్రారంభించి, వరండాలో కూర్చుని ఈ అర్జీ రాస్తున్నాను.

కావున నేను ప్రార్థించునది ఏమనగా:

‘తాపీగా పని’ అను మాటలలో ‘గా’ కొట్టివేసి, పక్కన మూడు ఊళ్ళవారి పొట్టి సంతకాలు పెట్టించవలెను.

మా మేనకోడలికి ఇవాళే తాపీ పనిలో పట్టా ఇప్పించవలెను. మా ఊరి నుంచి వచ్చిన మిగతా వాళ్ళకు రేపటి నుంచి నిజమైన శిక్షణ మొదలుపెట్టించవలెను. శిక్షకుడు దొరకకపోతే నేనున్నాను. తిట్లు మామూలే.

గుమాస్తాగారి మీద ఎటువంటి చర్యా తీసుకోవద్దు. ఆయన చెడ్డమనిషి కాడు. భాష మీద పట్టు ఉన్నవాడు, ఇటుక మీద లేదు. ఆయనకు ఒక తాపీ కొని బహుమతిగా ఇప్పించవలెనని మాత్రం కోరుతున్నాను.

ఇంత రాశాక చిత్తగించవలెను అని వేరే చెప్పడం దండగ, కాని ఆనవాయితీ గనుక చిత్తగించవలెను. చిత్తం ఎక్కడో ప్రశాంతంగా ఉండి పలకకపోతే, కలం అయినా తీయవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (ఈ మధ్యాహ్నం వరకు),
తాపీ మేస్త్రి

తాజా కలం: అయ్యా, తమరు ఈ ముక్క చదువుతున్నారంటే అర్జీ తమ ఒళ్ళో పడింది, తమరు కళ్ళు తెరిచారు. ఇక వాకిలి వైపు చూడవచ్చును.

కంగారు పడవద్దు. తలుపు ఎక్కడిదక్కడే ఉంది. వాకిలి మాత్రం లేదు. శిక్షణ కోసం మంజూరై, పెరట్లో బరకం గుడ్డ కింద పడి ఉన్న ఇటుకలతో దానికి గోడ కట్టడమైనది. నేను ‘ఆరింది’ అనే దాకా ఎవరూ కళ్ళు తెరవరాదనీ, టక్ టక్ మని చప్పుడు వినిపిస్తే దాని వెంట మనసును పోనివ్వరాదనీ సదస్సు మొదట్లో చెప్పాను కదా. పొద్దున్నుంచి ఒక్కరంటే ఒక్కరు కన్ను తెరవలేదు. శిక్షకుడిగా గర్విస్తున్నాను.

గోడ మొత్తం మా మేనకోడలే కట్టింది. మా ఊరివాళ్ళు మాలు కలిపారు, ఇటుకలు నానబెట్టారు, తట్ట మోశారు. ఇవాళ ఆమె చేతికి తట్ట తగలనివ్వలేదు. నేను ఒక్క ఇటుక కూడా ముట్టుకోలేదు. తిట్టడానికి నోరు తెరిచాను గాని, తిట్టడానికి ఏమీ దొరకలేదు. పైన ఒక వరస వదిలిపెట్టించాను, గాలికీ, ఈ అర్జీకీ. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, నీళ్ళ కూజా తమ వెనకే ఉంది, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

తమ అభ్యంతరాలు రెండూ తీరాయి. మూడు ఊళ్ళ అధికారులూ ఒక గదిలో కూర్చున్నారు. అందరూ ఒకేసారి లేచి వెళ్ళిపోవడానికి కూడా వీల్లేదు గనుక కోరం నిండినట్టే. గుమాస్తాగారు లోపలే ఉన్నారు, ముద్ర ఆయన జేబులోనే ఉంటుంది, నిన్నటి పట్టా ఈ అర్జీకే జతపరిచాను. పరీక్షా జరిగింది, పరిశీలకులూ ఉన్నారు. గుండు దారం పైనుంచి లోపలికి వేలాడదీశాను. ఎవరైనా లేచి, గోడకు ఆనించి అది నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకోవచ్చును.

మాలు ఇంకా పచ్చిగానే ఉంది. సంతకాలైన పట్టా పై సందులోంచి ఇవతలికి అందిస్తే, గోడ వెంటనే దింపుతాం. సాయంత్రం దాటితే సిమెంటు నా మాట కూడా వినదు.

ఒక్క విన్నపం. సంతకం పెట్టే ముందు దగ్గరకొచ్చి ఆ గోడను ఒకసారి చేత్తో తడిమి చూడండి. ఆమె సొంతంగా కట్టిన మొదటి గోడ అది. పొద్దున్నుంచి తిండి కూడా తినకుండా కట్టి, ఇప్పుడు ఇవతల దాని కేసే చూస్తూ నిలబడి ఉంది. మెడ తిన్నగా ఉంది. కూల్చే పని మాత్రం ఆమెకు పురమాయించకండి సార్. అది నేను చేస్తాను.